పచ్చ రోజులు

మార్చి 2

ఈ ఏడాది సీసాలు అందించను. రేపు నేనే మాట మార్చకుండా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

సైకిల్ క్లబ్బు మీటింగు అయింది. సెప్టెంబరులో జరిగే జట్టు పందేనికి ముగ్గురిని ఖాయం చేశారు: మందులషాపు ఆవిడ, లెక్కల టీచరు, పిచ్చుక. నాలుగో చోటు ఖాళీ. జులై ఆఖర్లో తేలుస్తారట. దానికోసం చూస్తున్నది నేనూ, బ్యాంకు ఆవిడా. పోయినేడాది ఇలాగే ఊరించి ఊరించి చివరికి నన్ను ఐదో మనిషిని చేశారు. ఐదో మనిషి అంటే రోడ్డు పక్కన నిలబడి నీళ్ళ సీసాలు అందించి, చప్పట్లు కొట్టి, మిగతావాళ్ళ ఫోటో తీసే మనిషి. ఆ ఫోటో కూడా వంకరగా వచ్చిందన్నారు.

నలభై రెండు నిండబోతున్నాయి. ఇంకెన్నేళ్ళు ఎదురుచూస్తాను? నాకు ఆ చోటు కావాలి. కావాలంతే.

పిచ్చుక కాలేజీ పిల్ల. పిడికెడు మనిషి, ఎత్తు రోడ్డు మీద రివ్వున పోతుంది. నన్ను "ఆంటీ" అంటుంది. దాటిపోతూ మరీ అంటుంది.

మార్చి 5

క్లబ్బుకి కొత్త కోచ్ వచ్చింది. వయసులో ఉన్నప్పుడు పెద్ద పెద్ద పందేల్లో తొక్కిందట, ఇప్పుడు ఫిజియోథెరపీ క్లినిక్కు నడుపుతోంది. చెప్పుల షాపు పైన, ఇరుకు మెట్లు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఆ మెట్లు ఎలా ఎక్కుతారో దేవుడికే తెలియాలి.

"వారంలో విశ్రాంతి ఎన్ని రోజులు?" అని అడిగింది.

"విశ్రాంతి ఎందుకండీ? నాకేం జబ్బు లేదు."

పెన్ను కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "అదే జబ్బు."

తర్వాత చాలాసేపు చెప్పింది. బలం సైకిల్ మీద రాదట. "సైకిల్ మీద ఒళ్ళు విరగ్గొట్టుకుంటావమ్మా. ఇంటికొచ్చి తిని పడుకుంటే అది అతుక్కుంటుంది, ముందుకంటే కాస్త గట్టిగా. ఆ అతుక్కునే టైము ఇవ్వకపోతే ఇక విరగ్గొట్టుకోవడమే మిగులుతుంది."

రోజులకి రంగులు పెట్టింది. ఎర్ర రోజు ఎత్తు రోడ్డు మీద ప్రాణం పెట్టి తొక్కాలి. పచ్చ రోజు పక్క మనిషితో ఆయాసం లేకుండా కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా తొక్కాలి. తెల్ల రోజు సైకిల్ ముట్టుకోకూడదు. మూడు వారాలు కొంచెం కొంచెంగా పెంచి నాలుగో వారం తగ్గించాలి. ఛాతీకి ఒక బెల్టు, చేతికి ఒక వాచీ ఇచ్చింది. గుండె ఎంత కొట్టుకుందో, నేను ఎక్కడెక్కడ తిరిగానో అంతా ఆవిడ ఫోనులోకి పోతుంది. పొద్దున లేవగానే మంచం మీదే ఒకసారి గుండె కొలిచి పంపాలి.

ఈయనకి చెప్పాను. డ్యూటీ దిగి, ఖాకీ చొక్కా కూడా విప్పకుండా సోఫాలో వాలిపోయి ఉన్నారు.

"తెల్ల రోజు ఏం చేయాలట?"

"ఏమీ చేయకూడదట."

"ఆ విద్య నాకు పుట్టుకతోనే వచ్చు," అన్నారు కళ్ళు తెరవకుండా.

నిజమే. సిటీ బస్సు అంత ట్రాఫిక్కులో నడిపి వచ్చి, తలగడ కనపడగానే పసిపిల్లాడిలా నిద్రపోయే మనిషి ఈయనొక్కరే ఉంటారు.

మార్చి 9

మొదటి పచ్చ రోజు. పరువు పోయిన రోజు.

చెరువు రోడ్డు మీద ఎంత నెమ్మదిగా పోతున్నానంటే, బుట్ట నిండా కూరగాయలు వేసుకుని సైకిల్ మీద వస్తున్న ఒక బామ్మగారు గంట కొట్టి మరీ నన్ను దాటింది. దాటి ఊరుకోలేదు. వెనక్కి తిరిగి "పంక్చరా అమ్మా?" అని జాలిగా అడిగింది.

ఇంత ఖరీదైన సైకిలు, ఈ బిగుతు బట్టలు, ఈ శిరస్త్రాణం. పంక్చరా అమ్మా!

బామ్మగారిని దాటేదాకా మాత్రమే వేగం పెంచాను. దాటాక తగ్గిస్తే ఆవిడ మళ్ళీ దాటుతుంది కదా. అందుకని ఇంకాస్త.

సాయంత్రం కోచ్ ఫోను. "పచ్చ రోజు గీత మధ్యలో ఈ ఎర్ర కొమ్ము ఏంటి?"

"కుక్క తరిమిందండీ."

"ఎంతదూరం, ఊరు దాటేదాకానా?"

మార్చి 16

ఈసారి రెండు కుక్కలు తరిమాయని చెప్పాను.

మార్చి 20

కోచ్‌కి కుక్కల మీద నమ్మకం పోయింది. "ఇంకోసారి పచ్చ రోజు ఎరుపు కనిపిస్తే నాలుగో చోటుకి నీ మాట ఎత్తను. చెప్పలేదనొద్దు," అంది.

రోజంతా మా లాండ్రీ షాపులో దుప్పట్లు మడతపెడుతూ అదే ఆలోచన. బ్యాంకు ఆవిడ పచ్చ రోజుల్లో ఏం చేస్తోంది? నిజంగా నెమ్మదిగా తొక్కుతోందా? ఎవరు నమ్ముతారు?

మార్చి 23

ఒక ఉపాయం తట్టింది. ఉపాయమే, మోసం కాదు.

సెలవు రోజుల్లో ఈయన తన పాత బుట్ట సైకిల్ మీద రొట్టె తేవడానికి బేకరీ దాకా వెళ్తారు. ఆ వెళ్ళడం కూడా ఒక దారిన వెళ్ళరు. చుట్టూ తిరిగి, కట్టే ఇళ్ళన్నీ చూసి, కనపడినవాళ్ళందరినీ పలకరించి వస్తారు. పచ్చ రోజంటే ఈయనే.

"ఏమండీ, ఈ బెల్టు కట్టుకుని వెళ్ళండి. వాచీ కూడా."

"నాదేమైనా పందెమా?"

"ఆలుమగలం. గుండె ఎవరిదైతేనేం?"

ఈయన కాసేపు నా మొహంలోకి చూశారు. "బిగుతుగా ఉందోయ్," అన్నారంతే. నేను వెనక కొక్కెం సడలించాను.

ఈయన రొట్టెకి వెళ్ళారు, నేను ఎత్తు రోడ్డుకి వెళ్ళాను. వాచీ లేకుండా తొక్కింది ఎవరి లెక్కలోకీ రాదు కాబట్టి తొక్కినట్టు కాదు.

కోచ్ దగ్గరనుంచి మెసేజి వచ్చింది: "ఇదీ పచ్చ రోజంటే! శభాష్."

"ఈ శభాష్ ఎవరిది?" అని ఈయన అడిగారు. ఇద్దరిదీ అన్నాను.

ఏప్రిల్ 10

పొద్దుటి కొలత కూడా ఈయనదే పంపుతున్నాను. నాది మరీ గాభరాగా ఉంటోంది, చూసి కోచ్ కంగారు పడుతుంది. పెద్దావిడని కంగారు పెట్టడం ఎందుకు?

ఈయనకి సరదా పుట్టింది. మొన్న రొట్టె లేకపోయినా బయల్దేరారు.

ఏప్రిల్ 21

కోచ్ నన్ను క్లినిక్కుకి పిలిచి మరీ మెచ్చుకుంది. "నీ గుండె ఇంత తొందరగా కుదుటపడుతుందని తెలియక ఇన్నాళ్ళూ నీకు తక్కువ పని ఇచ్చాను," అని ఎర్ర రోజులు పెంచింది. నాలుగో వారం తగ్గించేది కూడా సగమే తగ్గించింది.

నాకు విశ్రాంతి అక్కర్లేదని మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు లెక్కలే చెబుతున్నాయి.

మే 6

కాళ్ళలో ఇసుక పోసినట్టుంది. ఎండల వల్లే.

మే 11

రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. ఎండల వల్లే.

మే 19

ఒక తెల్ల చొక్కా కాలర్ మాడ్చాను. పద్నాలుగేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నాను, ఒక్క కాలర్ మాడలేదు. ఇస్త్రీ పెట్టె పాతదైపోయింది. ఆ చొక్కా మనిషి మంచాయన. "పోనీలెండి, టై కింద కనపడదు," అన్నాడు. అలా అన్నందుకు నాకు ఏడుపొచ్చింది. వెనక గదిలోకి వెళ్ళి దుప్పట్ల చాటున ఏడ్చి వచ్చాను. కాలర్ కోసం ఇంత ఏడుస్తారా ఎవరైనా?

మే 20

టీ చల్లారిపోయిందని ఈయన మీద కేకలేశాను. చల్లారబెట్టుకున్నది నేనే. ఈయన మాట్లాడకుండా మళ్ళీ పెట్టి తెచ్చి, "ఈ సైకిలు గొడవ కొన్నాళ్ళు ఆపితే?" అన్నారు.

జులై ఆఖర్లో చోటు తేలుతుంటే ఇప్పుడు ఆపడమా? ఈయనకి పందెం అంటే ఏం తెలుసు?

జూన్ 1

ఎత్తు రోడ్డు మీద అందరికీ టైము చూశారు. నేను మార్చికంటే వెనకబడ్డాను. ఇన్ని ఎర్ర రోజులు తొక్కి, మార్చికంటే!

సగం ఎక్కేసరికి కాళ్ళు నావి కావన్నట్టు అయిపోయాయి. గుండె కూడా పైకి రాలేదు. అరిచినా లేవని మనిషిలా పడుకుంది. బ్యాంకు ఆవిడ దాటిపోతూ "బాగా తొక్కుతున్నారు," అంది. ఓదార్పు మాట అది. పిచ్చుక కూడా దాటింది. ఆంటీ అనలేదు. ఒకసారి తిరిగి చూసి ఊరుకుంది. ఆంటీ అన్నా బాగుండేది.

వయసు. ఇంకేముంటుంది? ఇది రాయడానికి చేతులు రావడం లేదు గానీ రాశాను. ఇంక ఆ చోటు నాకు రాదేమో. ఇప్పుడు రాకపోతే ఎప్పటికీ రాదు.

జూన్ 4

కోచ్ తల పట్టుకుంది. "ఎర్ర రోజు నీ గుండె లేవనంటోంది. పచ్చ రోజు చూస్తే ఋషిలా ఉంది. ఇద్దరు మనుషుల్లా ఉన్నావు."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

జూన్ 7

అయిపోయింది. అంతా అయిపోయింది. అయినా రాస్తుంటే నవ్వొస్తోంది, ఏం చేయను?

నిన్న పచ్చ రోజు. ఈయన పొద్దున బెల్టు కట్టుకుని తిరిగి వచ్చారు. ఆలస్యమైందని హడావుడిగా స్నానం కూడా చేయకుండా, ఖాకీ చొక్కా తగిలించుకుని డ్యూటీకి పరిగెత్తారు. చొక్కా కింద బెల్టు అలాగే ఉంది. చేతికి వాచీ అలాగే ఉంది. ఈయన ఎటుపోతే అటు లెక్క పంపుతూనే ఉంది.

ఈరోజు షాపులో ఉండగా కోచ్ ఫోను.

"నిన్న చాలాదూరం తొక్కావమ్మా."

"అవునండీ, గాలి బాగుందని..."

"పొద్దుటినుంచి సాయంత్రం దాకా తొక్కావు."

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాను.

"రైల్వే స్టేషన్ దగ్గర ఆగావు. పెద్దాసుపత్రి దగ్గర ఆగావు. కోర్టు దగ్గర ఆగావు. దారిలో ఒక్క బస్టాపు వదల్లేదు. మళ్ళీ అదే దారిన వెనక్కి వచ్చావు, అన్నిచోట్లా ఆగుతూ. అలా ఎన్నోసార్లు. మధ్యలో డిపోకి వెళ్ళి భోజనం కూడా చేసినట్టున్నావు, అక్కడ గుండె హాయిగా ఉంది."

"కోచ్ గారూ..."

"నా క్లినిక్కుకి నేనొచ్చేదీ ఆ బస్సులోనే. ఈ గుండె ఎవరిదో రేపు వెంటబెట్టుకుని రా."

జూన్ 8

ఇద్దరం వెళ్ళాం. హెడ్మాస్టరు గదిలోకి పిలిచిన పిల్లల్లా పక్కపక్కన కూర్చున్నాం.

కోచ్ ముందు ఈయన చెయ్యి పట్టుకుని గడియారం చూసింది. నన్ను పలకరించనైనా లేదు. "ఈ గుండె పందేలకి వస్తుందా?" అంది.

"డ్యూటీ ఉందండీ," అన్నారు ఈయన, నిజంగానే అడిగిందనుకుని.

తర్వాత నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. వదిలాక గొంతు తగ్గించి అడిగింది, "రాత్రి నిద్ర పడుతోందా? ఊరికే ఏడుపొస్తోందా? అన్నం సయిస్తోందా?" ఒక్కొక్కదానికీ నిజం చెప్పాను. వయసు వల్లేనేమో అని కూడా అన్నాను. చెబుతుంటే మళ్ళీ ఏడుపే.

"వయసు కాదు, మట్టిగడ్డా కాదు," అంది. "ఆయన పడుకున్న నిద్రకి నీకు పని పెంచుతూ పోయాను. ఆయన అతుక్కుంటున్నాడు, నువ్వు విరుగుతున్నావు. ఇంకో నెల ఇలాగే పోతే ఏడాది దాకా లేచేదానివి కాదు. కాగితం మీద అంకెలు చూసి నీ మొహం చూడకపోవడం నా తప్పు. మిగతాదంతా నీ తప్పే."

"నాలుగో చోటు?" అన్నాను. సిగ్గు లేకుండా అడిగాను.

"అది ఇచ్చేది నేను కాదు, ఆ ముగ్గురు. వాళ్ళ ముందుకి వెళ్ళాలంటే నేను చెప్పింది చెయ్. ముందు సైకిల్ ముట్టుకోకు, నేను పిలిచేదాకా. తర్వాత ప్రతి పచ్చ రోజూ ఈయన వెనక తొక్కు. ఈయన చక్రం దాటావో, నా మెట్లు ఎక్కొద్దు."

మెట్లు దిగుతుంటే ఈయన్ని అడిగాను, ఇది తప్పని ముందే తెలిసీ ఎందుకు ఒప్పుకున్నారని. "నువ్వే ఆపుతావని చూశాను. ఆపలేదు. పైగా నాకూ సరదాగా ఉంది," అన్నారు. ఒట్టి అమాయకుడు అనుకోవడానికి లేదు ఈ మనిషిని.

జూన్ 9

ఏమీ చేయలేదు.

జూన్ 10

పగటిపూట పడుకున్నాను! పగటిపూట!

జూన్ 12

సైకిల్ వైపు చూశాను. చూడొద్దని కోచ్ అనలేదు. గొలుసుకి నూనె వేశాను. వెయ్యొద్దనీ అనలేదు. ఎక్కి కూర్చోబోతుంటే ఈయన దగ్గారు.

జూన్ 17

రాత్రి తొమ్మిదికి పడుకుని పొద్దున ఏడుకి లేచాను. ఈయన డ్యూటీకి వెళ్ళిపోయారు, నాకు తెలియనే లేదు. ఆకలి వేస్తోంది. మామూలు ఆకలి కాదు, గుడ్లూ రొట్టే అరటిపళ్ళూ ఏది కనపడితే అది తినేస్తున్నాను. షాపులో పాట పాడుతున్నానని పక్క షాపతను తొంగి చూశాడు.

జూన్ 22

కోచ్ పిలిచింది. మొదటి పచ్చ రోజు, ఈసారి నా గుండెతోనే.

ఈయన బుట్ట సైకిలు ముందు, నా పందెం సైకిలు వెనక. జనం చూసి నవ్వారు. నవ్వనీ. ఇరవై ఏళ్ళ సంసారంలో ఈయన మెడ వెనక అంత సేపు ఎప్పుడూ చూడలేదు. జుట్టు తెల్లబడింది. చెవి వెనక ఒక పుట్టుమచ్చ ఉంది. నాకు తెలియదు!

దారంతా కబుర్లు. కోర్టు స్టాపులో రోజూ ఎక్కే ఒక ముసలాయన కేసు గెలిచి బస్సులో అందరికీ బిస్కెట్లు పంచాడట. ఒక ఆడమనిషి ఇద్దరు పిల్లల్ని ఎక్కించి తను ఎక్కడం మర్చిపోయిందట. ఇవన్నీ ఎప్పుడు జరిగాయంటే, ఏళ్ళుగా జరుగుతూనే ఉన్నాయట. "నాకెప్పుడూ చెప్పలేదే?" అన్నాను.

"నువ్వెప్పుడు కూర్చున్నావు?" అన్నారు. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అన్నారు.

జూన్ 29

ఒకటి గమనించాను. ఈయన వెనక తొక్కుతుంటే బ్రేకు ముట్టుకునే పనే పడదు. ఎక్కడా ఉలిక్కిపడినట్టు ముందుకి పోరు, ఎక్కడా టక్కున ఆగరు. గుంత వస్తే చాలా ముందునుంచే పక్కకి జరుగుతారు. ఎలా నేర్చుకున్నారని అడిగితే, ఏం నేర్చుకున్నారో తెలియక నన్నే ఎదురు అడిగారు.

ఆ బామ్మగారు మళ్ళీ మమ్మల్ని దాటింది. "పంక్చరా?" అనలేదు. "జంట బాగుందమ్మా," అంది. నాకు సిగ్గేసింది. ఈయన గంట కొట్టారు.

జులై 6

ఎర్ర రోజు. కాళ్ళు వచ్చాయి! నా కాళ్ళు నాకు తిరిగి వచ్చాయి! ఎత్తు రోడ్డు మీద గుండె లేచి నిలబడి పరిగెత్తింది. పైన ఆగి ఒక్కదాన్నే పిచ్చిదానిలా కేక పెట్టాను. కింద మేకలు తలెత్తి చూశాయి.

అంతకుముందు రెండు రోజులు పచ్చ. వేగం పెంచాలనిపించలేదు. అనిపించలేదంటే అబద్ధం, ఒకసారి అనిపించింది. ఈయన వెనక ఉన్నాను కాబట్టి ఆగాను.

జులై 27

వరసగా రాస్తాను.

ఈ క్లబ్బులో నాలుగో మనిషిని గడియారం చూసి తీసుకోరు. ముందు ఖాయమైన ముగ్గురూ ఒక్కొక్కరితో చెరువు రోడ్డు చుట్టి వస్తారు. వచ్చి టీ కొట్టులో కూర్చుని, కోచ్‌ని కూడా రానివ్వకుండా, వాళ్ళే తేలుస్తారు. జట్టు పందెంలో నలుగురూ ఒకరి వెనక ఒకరు, జానెడు ఎడంలో పోవాలి. ముందున్న మనిషి గాలంతా మోస్తుంది, అలిసిపోగానే పక్కకి తప్పుకుని వెనక్కి చేరుతుంది. నాలుగో మనిషి గీత దాటితేనే గడియారం ఆగుతుంది. కాబట్టి వాళ్ళు చూసేది ఒక్కటే: ఎవరి వెనక భయం లేకుండా తొక్కగలం?

బ్యాంకు ఆవిడ ముందు వెళ్ళింది. నాకంటే వేగం, అందులో అనుమానం లేదు. ఆవిడ ముందుకొచ్చిన ప్రతిసారీ వరస సాగిపోయి తెగేది, మిగతావాళ్ళు పడుతూ లేస్తూ అందుకునేవాళ్ళు. పోయినేడాది నేనూ అచ్చం అలాగే తొక్కాను. ముందుకి రాగానే నా సత్తా చూపించాలని ఒక్క దూకు దూకేదాన్ని. అప్పుడు ఎవరూ నాతో చెప్పలేదు, చెప్పినా వినేదాన్ని కాదు.

నా వంతు వచ్చింది. ముందుకి వచ్చాక కాళ్ళు దురద పెట్టాయి, దూకమని. నా వెనక ముగ్గురున్నారు అని మాత్రం అనుకున్నాను. వేగం ఎంతుందో అంతే ఉంచాను. గాలి మొహాన కొడుతోంది, వెనక మూడు గొలుసుల చప్పుడు ఒకేలా వినిపిస్తోంది. తప్పుకున్నాను, వెనక్కి చేరాను, మళ్ళీ ముందుకి. అలా చుట్టంతా.

టీ కొట్టు బయట నేనూ బ్యాంకు ఆవిడా ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఇద్దరం గోళ్ళు కొరుక్కున్నాం. ఎంతకీ బయటికి రారే! చివరికి పిచ్చుక పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అక్కా, మీరే!"

లెక్కల టీచరు వెనకే వచ్చి, "మీ వెనక బ్రేకు మీద వేలు పెట్టలేదు నేను," అంది. ఆవిడ పొగిడితే అంతే పొగుడుతుంది.

బ్యాంకు ఆవిడ కళ్ళు తుడుచుకుని నన్ను కౌగిలించుకుంది. ఆ బాధ నాకు తెలుసు. నేనేం చెప్పినా ఓదార్పు మాటే అవుతుందని ఊరుకున్నాను. "ఫోటో నేను బాగా తీస్తాను," అంది తనే.

ఇంటికొచ్చి తలుపు తీయకముందే అరిచాను. ఈయన బయటికొచ్చి నన్ను ఎత్తి తిప్పబోయి, నడుం పట్టేసి కూర్చుండిపోయారు. నవ్వి నవ్వి ఇద్దరికీ కళ్ళనీళ్ళు.

పిచ్చుక "అక్కా" అంది. ఇది కూడా రాయాలి.

ఆగస్టు 24

ఆఖరి నాలుగో వారం. తగ్గించే వారం. తగ్గించాను, కుక్కలేమీ లేకుండా.

సెప్టెంబరు 5

పందెం రోజు ఈయనకి సెలవు దొరకలేదు. రోడ్లు మూసేస్తారు, బస్సులన్నీ దారి మళ్ళించాలి, డ్రైవర్లందరూ ఉండాలన్నారట. "ఫరవాలేదులెండి," అన్నాను. ఫరవా ఉంది.

సెప్టెంబరు 14

రెండో స్థానం! పన్నెండు జట్లలో! నలుగురం ఒకే వరసలో, ఒకరి వెనక ఒకరం గీత దాటాం. పిచ్చుక కింద పడుకుని కాళ్ళు గాల్లో ఊపింది. మందులషాపు ఆవిడ అందరి మోకాళ్ళకీ మందు రాసింది, నొప్పి లేనివాళ్ళకి కూడా. బ్యాంకు ఆవిడ ఫోటోలో నలుగురం నిటారుగా ఉన్నాం, నా నోరు మాత్రం తెరుచుకుని ఉంది.

కానీ నేను రాయాలనుకుంటున్నది వంతెన దాటాక వచ్చే వంపు గురించి.

అప్పుడు ముందున్నది నేను. తల దించి, రోడ్డు తప్ప ఇంకేమీ చూడకుండా తొక్కుతున్నాను. కోచ్ వందసార్లు చెప్పింది, ముందున్న మనిషి తల తిప్పకూడదని. వంపు తిరిగేసరికి పెద్ద గోల. అడ్డుకట్ట అవతల ఒక బస్సు నిలబెట్టి ఉంది, మేం దాటేదాకా వదలరు కదా. బస్సులో జనమంతా ఒక పక్కకే వచ్చి కిటికీల్లోంచి చేతులు బయటపెట్టి అరుస్తున్నారు. "మా డ్రైవరు గారి ఆవిడ! అదిగో, ముందున్నావిడే!" అని ఎవరో ముసలాయన గొంతు. కోర్టు కేసు గెలిచినాయనేమో. పిల్లలు, సంచులు పట్టుకున్న ఆడవాళ్ళు, కండక్టరు, అందరూ. ఈయన బస్సు దిగి అడ్డుకట్ట దగ్గర నిలబడ్డారు, ఖాకీ చొక్కాలో. అరవలేదు. రెండు చేతులూ పైకెత్తి అలా నిలబడ్డారంతే. మొహం వెలిగిపోతోంది.

తల తిప్పాను. చూశాను. చూడకుండా ఎలా ఉంటాను? చూసినంతసేపూ కాళ్ళు తొక్కడం మానేశాయి. వెనక ముగ్గురూ నా మీదికి వచ్చినంత పని అయింది. ఎవరూ కేకలేయలేదు. నేను తేరుకున్నాక మళ్ళీ వరస కుదిరింది.

మొదటి జట్టుకీ మాకూ ఉన్న తేడా కొంచెమే. ఆ వంపు లేకపోతే మొదటి స్థానం వచ్చేదేమో. రాకపోయేదేమో. గీత దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేనే ఎత్తబోతే మందులషాపు ఆవిడ నా నోట్లో అరటిపండు కుక్కింది.

సెప్టెంబరు 15

ఈరోజు కోచ్ నలుగురినీ క్లినిక్కుకి పిలిచి టీ ఇచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని ఫోనులో పందెం మొత్తం మొదటినుంచీ చూసుకుంటూ వచ్చింది. వంతెన దాటాక వేలు ఆగింది.

"ఇక్కడ వేగం ఒక్కసారిగా పడిపోయింది. ముందున్నది నువ్వే. ఏమైంది?"

నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"ఎదురుగాలి," అంది మందులషాపు ఆవిడ.

"నిన్న ఆకు కూడా కదల్లేదు," అంది కోచ్.

"ఆ వంపులో మాత్రం వీచిందండీ," అంది లెక్కల టీచరు, ఎక్కం అప్పజెప్పినంత గంభీరంగా.

"అబ్బో, ఏం గాలండీ బాబూ! అక్క ముందు లేకపోతే నేను ఎగిరిపోయేదాన్ని," అంది పిచ్చుక.

కోచ్ కళ్ళజోడు తీసి మమ్మల్ని వరసగా చూసింది. మేం నలుగురం టీ కప్పుల్లోకి చూశాం.